దీర్ఘదృష్టి గుణమా, కంటి జబ్బా? అర మార్కు దగ్గర మొదలైన తగాదా

కందుకూరు నాన్న:
మా అబ్బాయి పదో తరగతి. అర్ధసంవత్సర పరీక్ష తెలుగు పేపరులో 'ముందుచూపు' అనే మాట ఇచ్చి, అర్థం రాసి సొంత వాక్యంలో ప్రయోగించమన్నారు. వాడు అర్థం 'దీర్ఘదృష్టి' అని రాశాడు. వాక్యం ఇది: 'మా తాతయ్య ముందుచూపుతో ఇంటి పునాదిని రోడ్డు కంటే మూడు అడుగులు ఎత్తుగా వేయించారు.' వాక్యానికి మార్కు పడింది. అర్థాన్ని మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'ఇది కంటి జబ్బు. దూరదృష్టి అని రాయాలి' అని రాశారు.

అర మార్కు కోసం నేను పోట్లాడటం లేదు (మా ఆవిడ పోట్లాడుతోంది). నా అనుమానం వేరు. దీర్ఘదర్శి అంటే రాబోయేది కనిపెట్టగలవాడు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. చూసేవాడు గొప్పవాడైనప్పుడు వాడి చూపు జబ్బు ఎలా అయింది?

మావాడికి శ్రద్ధ తక్కువే, ఒప్పుకుంటాను. బోర్డు మీద 'థ' ఉంటే వీడి నోటుపుస్తకంలో 'ధ' ఉంటుంది. ఈ జవాబు మాత్రం శ్రద్ధ లేక రాసింది కాదు. తెలిసినవారు చెప్పండి.

కటకం మాస్టారు, కావలి:
దిద్దినవారిది తప్పు కాదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో కంటి దోషాలు మూడు చెబుతాం. దగ్గరివి కనబడుతూ దూరపువి మసకగా ఉంటే హ్రస్వదృష్టి, దానికి పుటాకార కటకం. దూరపువి కనబడుతూ దగ్గరివి మసకగా ఉంటే దీర్ఘదృష్టి, దానికి కుంభాకార కటకం. వయసుతో వచ్చేది చత్వారం. ఒక మాట శాస్త్రంలో స్థిరపడ్డాక దాన్ని మళ్లీ అటూ ఇటూ లాగితే పిల్లలు తికమకపడతారు. 'పని' అనే మాటనే తీసుకోండి. గంటసేపు గోడను నెట్టినా అది కదలకపోతే పని జరగలేదనే రాయాలి. చెమట పట్టిందని మార్కు వేయం.

అమరం పాఠకుడు, అద్దంకి:
మాస్టారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. ఆ గోడ నెట్టినవాడు సాయంత్రం కూలి అడిగితే న్యూటను సూత్రం చెప్పి పంపిస్తారా? భౌతికశాస్త్రం 'పని'ని అరువు తీసుకుంది గాని కొనుక్కోలేదు. దీర్ఘదృష్టి సంగతీ అంతే.

అమరకోశంలో పండితుడికి ఉన్న పర్యాయపదాలు చదువుతూ పోతే చివర్లో 'దూరదర్శీ దీర్ఘదర్శీ' అని రెండూ పక్కపక్కనే వస్తాయి. మా చిన్నతనంలో వేపచెట్టు కింద కూర్చోబెట్టి వల్లె వేయించారు, ఇప్పటికీ ఆ రెండు మాటలూ విడిగా నోటికి రావు. దర్శి, దృష్టి రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. కాబట్టి 'దూర' చెల్లితే 'దీర్ఘ' చెల్లదనడానికి వీల్లేదు. కుర్రవాడు తర్కం తప్పలేదు.

అయితే నాకు ఇంకో అభ్యంతరం ఉంది, అది ఆ ఎర్ర సిరా మీదే. దూరదృష్టి మాత్రం ముందుచూపు ఎలా అవుతుంది? సంపాతిని తలచుకోండి. సముద్రం ఒడ్డున కూర్చుని లంకలో సీత ఉన్న చోటు చూసి వానరులకు చెప్పిన గద్ద ఆయన. చూపు అంత దూరం ఆనిన మహానుభావుడు, తమ్ముడితో కలిసి సూర్యుడి దగ్గరకు ఎగిరితే రెక్కలు కాలతాయని మాత్రం ముందుగా తెలుసుకోలేకపోయాడు. దూరదృష్టి నిండుగా ఉంది. ముందుచూపు లేదు.

ఊరికే అడిగాను:
అయ్యా, దూరం అంటే చోటుకు సంబంధించినదే అయితే 'దూరాలోచన' సంగతేమిటి? ఆలోచనను ఎక్కడ నిలబెట్టి టేపుతో కొలుస్తారు?

అమరం పాఠకుడు, అద్దంకి:
బాగా పట్టుకున్నారు. దూరాలోచనలో దూరం కాలానిదే. నా సంపాతి రెక్క ఒకటి కాలిందని ఒప్పుకుంటాను. రెండోది ఇంకా ఉంది.

కోవూరు కోడలు:
మీరందరూ దూరం, దీర్ఘం అంటూ సంస్కృతం వైపే తిరుగుతున్నారు. ప్రశ్నలో ఇచ్చిన మాట తెలుగు మాట. చిక్కంతా అందులో ఉన్న 'ముందు'తోనే.

'ముందు' రెండు వైపులా తిరిగే మాట. 'ముందు చెప్పినట్లు' అంటే గతం. 'ముందు ముందు తెలుస్తుంది' అంటే భవిష్యత్తు. దాని చుట్టాలూ అంతే: మునుపు వెనక్కి, మునుముందు ముందుకి. 'వెనుక' కూడా తక్కువది కాదు. 'వెనుకటికి ఒక రాజు' అంటే ఎప్పటివాడో, 'ఆ వెనుక ఏమైందంటే' అంటే తర్వాత జరిగింది. కందుకూరు వారినే చూడండి. 'ముందు మాది నెల్లూరు జిల్లా' అని ఒకరంటే ఏ కాలం సంగతి? 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు అటు వెళ్లారు, 2022లో తిరిగి ఇటు వచ్చారు. 2021లో ఎవరైనా ఆ మాట అని ఉంటే పాత జ్ఞాపకమో, రాబోయేది చెప్పడమో క్రియ వచ్చేదాకా తెలియదు. పల్లెల్లో సభలు జరిగినప్పుడు 'ముందు తరాలవారి కోసం' అనగానే పెద్దవాళ్లు తాతముత్తాతలకు దండం పెడతారు, కుర్రవాళ్లు తమ పిల్లల గురించి అనుకుంటారు. అందుకే కాబోలు పత్రికలవాళ్లు 'రాబోయే తరాలు' అని రాస్తారు.

ఇక సమాసం. ముందుచూపు అంటే ముందుకు చూసే చూపా, ముందే చూసిన చూపా? 'ముందడుగు'లో ముందు అంటే ముందుకు. 'ముందుజాగ్రత్త', 'ముందుమాట'లలో ముందు అంటే ముందుగా. ముందుచూపును ఏ వరుసలో కూర్చోబెట్టాలి? నా ఓటు ముందుజాగ్రత్త పక్కన.

ఎందుకంటే దాన్ని మా ఇంట్లో కళ్లారా చూశాను. మా అత్తయ్య ప్రతి ఏటా దీపావళి వెళ్లిన మరునాడు ఒక తంతు పెట్టుకునేవారు. పొలం పాసుపుస్తకాలు, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, ఒక్కొక్కటి పాల కవర్లో చుట్టి, బిస్కెట్ల రేకుడబ్బాలో సర్ది, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, అటక మీద దూలానికి కొబ్బరితాడుతో కట్టేవారు. సంక్రాంతి ముందు విప్పేవారు. మధ్యలో ఎవరికైనా ఆధార్ జిరాక్సు కావాలంటే ఇంట్లో యుద్ధమే. మా ఆయన దానికి 'అమ్మ పోస్టాఫీసు' అని పేరు పెట్టారు, నాతో సహా అందరం నవ్వేవాళ్లం.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. నీరు తీశాక వీధి వీధంతా మేడల మీద కాగితాలు పరిచి, గాలికి ఎగరకుండా మీద గులకరాళ్లు పెట్టి ఆరబెట్టుకుంది. ఒకరి పట్టాలో సర్వే నంబరు పూర్తిగా చెరిగిపోయి సిరా మరక మిగిలింది. మా డబ్బా విప్పితే లోపల కొవ్వొత్తి వాసన తప్ప చెమ్మ లేదు. బీరువా అడుగు అరలో మా పెళ్లి ఆల్బమ్ మాత్రం అత్తయ్య లెక్కలోకి రాలేదు. ఇప్పుడు మా పెళ్లి ఫొటోలలో పురోహితుడి చెయ్యి ఒకటి, అరటి గెల ఒకటి కనబడతాయి.

వీధిలో అందరూ 'ఎంత ముందుచూపమ్మా మీకు' అన్నారు. ఆమె ఏమన్నారో తెలుసా? 'నేను ముందుకు చూసిందేముంది, వెనక్కి చూశాను' అన్నారు. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల పుట్టింట్లో పొలం కాగితాలు నానిపోయాయట. సరిహద్దు తగాదా తేలడానికి వాళ్ల నాన్నగారు ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగారట. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కదా, అందుకే దీపావళి గడువు.

పొగాకు పొలం:
చెల్లెమ్మా, మీ అత్తగారికి దండం. కాని ఒక మాట అడుగుతాను. 2021లో వరద రాకపోయి ఉంటే ఆ పోస్టాఫీసును ఏమనేవారు? చాదస్తం అనేవారు. మీరే చెప్పారు, ఇంట్లో నవ్వారని. డబ్బా మారలేదు, మైనం మారలేదు, ఆమె మారలేదు. వరద వచ్చింది కాబట్టి చాదస్తం ముందుచూపు అయింది.

నా సంగతి చెబుతాను. మాది కొండపి వైపు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు కొనలేక, ఆకు కొట్టడానికి కూలీలు దొరక్క, వేలం కేంద్రంలో బేళ్లు వెనక్కి పంపితే మళ్లీ బండి బాడుగ పెట్టుకోలేక, ఒక ఏడాది ఎనిమిది ఎకరాలలో జామాయిల్, సుబాబుల్ వేశాను. మొదటి కోతకు ధర బాగుంది. రచ్చబండ మీద నా పేరు చెప్పి 'మనిషంటే అలా ముందుచూపు ఉండాలి' అన్నారు. చూసి మరో పాతికమంది వేశారు. తర్వాత కర్ర ధర పడింది. కొనేవాళ్లు తూకం దగ్గర తేమ పేరు చెప్పి కోసేవాళ్లు. అదే రచ్చబండ, అదే మనుషులు: 'వెనుకా ముందూ చూడకుండా దూకాడు.' నేను వేసిన మొక్కలు మాత్రం అవే.

అందుకే నా వాదన: ముందుచూపు పేరుకే ముందుది, దాన్ని వాడేది జరిగిపోయిన దాని మీదే. పంట చేతికి వచ్చాక పెట్టే పేరు.

ఊరికే అడిగాను:
మరి 'ముందుచూపుతో వ్యవహరించండి' అని అధికారులు ప్రకటన ఇస్తారు కదా? అది జరగబోయే దాని గురించే.

పొగాకు పొలం:
ఇస్తారు. ఎటు చూడాలో మాత్రం ఆ ప్రకటనలో ఉండదు.

కోవూరు కోడలు:
అన్నా, మీ బాధ అర్థమైంది కాని వాదన ఒప్పుకోను. మీరు చెప్పింది మెచ్చుకునేవాళ్ల గురించి, మాట గురించి కాదు. లోకం ఫలితం చూసి మెచ్చుకుంటుంది, నిజమే. కాని వరద రాకపోయినా మా అత్తయ్య చేసింది ముందుచూపే. నేను నవ్వాను కాబట్టి అది చాదస్తం అయిపోదు, నా నవ్వు తప్పవుతుంది. మీరు పొగాకు ఖర్చు లెక్క వేసుకుని వేరే పంటకు మారారు. అది ముందుచూపే. ధర పడటం వేరే సంగతి.

ఇంకో వాడుక కూడా ఉందని మరచిపోకండి. ఆస్తి ఎంతో కొంత భార్య పేరున రాయించి, ఆ తర్వాత అప్పులు చేసిన మనిషిని చూసి 'ఆయనకు ముందుచూపు ఎక్కువలే' అంటారు. అక్కడ ఫలితం ఆయనకు బాగానే ఉంది, మాట మాత్రం మెచ్చుకోలు కాదు. ఫలితాన్ని బట్టే మాట అయితే అక్కడ పొగడ్త కావాలి కదా?

పొగాకు పొలం:
అప్పిచ్చినవాడి ఫలితం కూడా చూడాలి కదమ్మా.

అమరం పాఠకుడు, అద్దంకి:
ఇద్దరి మధ్యలోకి ఒక చేపను వదులుతాను. చెరువులో మూడు చేపల కథ అందరికీ తెలుసు. రేపు జాలరులు వస్తారని విని ముందే కాలువ దారి పట్టినది అనాగతవిధాత. వలలో పడ్డాక చచ్చినట్లు నటించి తప్పించుకున్నది ప్రత్యుత్పన్నమతి. ఏది కావాలో అదే అవుతుందని కూర్చున్నది యద్భవిష్యం. భారతం శాంతిపర్వంలో ఇదే కథలో మొదటి చేప దీర్ఘదర్శి, చచ్చిపోయే చేప దీర్ఘసూత్రి, అంటే పనిని సాగదీసేది. చూశారా, అక్కడా ఇక్కడా అదే 'దీర్ఘ'. చూపుకు తగిలితే గుణం, పనికి తగిలితే దోషం. కంటివైద్యులు దాన్ని మూడో పనికి పెట్టుకున్నారు, అంతే.

నేను పట్టుకోదలచింది అనాగతవిధాత అనే పేరు. అనాగతం అంటే ఇంకా రానిది, విధాత అంటే ఏర్పాటు చేసేవాడు. ఇందులో చూడటం అనే మాటే లేదు, చేయడమే ఉంది. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు బయటికి చదవండి: 'ఆయనకు దూరదృష్టి ఉంది, కాని ఏమీ చేయలేదు.' 'ఆయనకు ముందుచూపు ఉంది, కాని ఏమీ చేయలేదు.' మొదటిది చెవికి ఆనుతుంది. రెండోది నాకు రాయి తగిలినట్లుంది. ముందుచూపులో డబ్బా, మైనం, కొబ్బరితాడు ఉండాలి. పైన ఆ అమ్మాయి ముందుజాగ్రత్త పక్కన కూర్చోబెట్టడం అందుకే సరైనదని నాకు తోస్తోంది. కాబట్టి పొగాకు పొలం గారూ, ధర పడినా మీది ముందుచూపే. ఊరంతా ఏమన్నా అనుకోనివ్వండి.

ఒక్కటి మాత్రం కోరుకుంటున్నాను. చనిపోయిన ప్రతి నాయకుడి ఫ్లెక్సీ మీద 'దార్శనికుడు' అని వేయడం ఆపితే ఈ మాటలన్నీ కొంత ఊపిరి పీల్చుకుంటాయి.

కటకం మాస్టారు, కావలి:
'పని' విషయంలో దెబ్బ తిన్నానని ఒప్పుకుంటున్నాను. అయినా పరీక్ష పరీక్షే. ఒకే పిల్లవాడు ఒకే వారంలో తెలుగు పేపరులో దీర్ఘదృష్టిని గుణమనీ సైన్సు పేపరులో దోషమనీ రాస్తే, రెండు చోట్లా దిద్దేవాళ్లు వేరు. ఎవరి ఎర్ర సిరా వారిది. పిల్లవాడికి ముందుచూపు ఉంటే ఎవరూ కొట్టేయని మాట రాసుకోవాలి.

అద్దాల కొట్టు, ఒంగోలు:
ఇరవై ఏళ్లుగా కళ్లజోళ్లు అమ్ముతున్నాను. మా కొట్టుకు వచ్చేవాళ్లలో హ్రస్వదృష్టి అన్నవాళ్లు ఇప్పటివరకు లేరు. 'దూరం ఆనడం లేదు', 'పేపరు ఆనడం లేదు' అంటారు, అంతే. నలభై దాటినవాళ్లు 'చత్వారం వచ్చింది' అని వాళ్లే తేల్చుకుని వస్తారు. ఆ పేరులో నలభై ఉందని మా పండితులొకరు చెప్పారు, చత్వారింశత్తు అట.

మాటల సంగతి మీరు తేల్చండి. నాకు మొదటి టపాలో ఒక ముక్క దగ్గర ఆగాలనిపించింది. బోర్డు మీద 'థ' ఉంటే పుస్తకంలో 'ధ' వస్తోందన్నారు. కందుకూరు అన్నగారూ, అబ్బాయి టీవీ ఎంత దూరంలో కూర్చుని చూస్తాడు? బోర్డు వైపు కళ్లు చికిలించి చూస్తాడేమో వాళ్ల మాస్టారిని ఒకసారి అడగండి. మా కొట్టుకే రమ్మనడం లేదు, దగ్గరలో ఉన్న కంటి డాక్టరుకు చూపించండి.

కందుకూరు నాన్న:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

ముందు మా నాన్నగారి పునాది సంగతి. కోవూరు చెల్లెమ్మ మాటలు చదివాక ఆయన్ని అడిగాను, మూడు అడుగులు ఎందుకు ఎత్తించారని. 'రోడ్డు వేసినప్పుడల్లా జానెడు పెరుగుతుంది. ముందు ఇంట్లో చూశాను కదా, చివరికి మెట్లు దిగి లోపలికి వెళ్లాల్సి వచ్చింది' అన్నారు. ముందు ఇల్లంటే మేము ఇదివరకు ఉన్న పాత ఇల్లా, ఇప్పుడు మా ఎదుట ఉన్న ఇల్లా? రెండూ రోడ్డు కంటే పల్లంలోనే ఉన్నాయి. నేను మళ్లీ అడగలేదు.

తెలుగు మాస్టారిని కలిశాను. అమరకోశం మాట చెబితే నవ్వారు, కాదనలేదు. అర మార్కు మాత్రం ఇవ్వలేదు. 'ఇస్తే రేపు ముప్పైమంది తండ్రులు వస్తారు' అన్నారు. 'దూరాలోచన అని రాయమనండి, దాన్ని ఎవరూ కొట్టేయరు' అని చెప్పి పంపారు. మా ఆవిడ ఇంకా చల్లారలేదు.

ఇక అద్దాల కొట్టు గారికి. అబ్బాయిని కంటి డాక్టరుకు చూపించాం. కుడి కంటికి మైనస్ 1.25, ఎడమ కంటికి మైనస్ 1. ఏడాదిగా అక్షరాలు పోల్చుకోలేక అంచనా మీద ఎక్కించుకుంటున్నాడట. టీవీ ముందు నుంచి వెనక్కి జరగమని నేను రోజూ తిట్టేవాడిని, వాడు రోజూ జరిగేవాడు, కాసేపటికి మళ్లీ ముందుకు వచ్చేవాడు. నిన్న కళ్లజోడు వచ్చింది. పెట్టుకుని వీధి చివర వేపచెట్టు వైపు చూసి, 'ఆకులు విడివిడిగా ఉన్నాయి నాన్నా' అన్నాడు.

కటకం మాస్టారు, కావలి:
హ్రస్వదృష్టి. పుటాకార కటకం. పబ్లిక్ పరీక్షలో తరచూ అడిగే ప్రశ్న, కిరణచిత్రం గీయడం మరవద్దని చెప్పండి.